పురమందిర మెవరిది?

(ఒక గ్రంథాలయ వార్షికసభలో చేసిన యుపన్యాస పాఠము)



నన్ను మీ వార్షికసభకు పిలిచి, మన దక్షిణదేశమునందలి ప్రసిద్ధ కట్టడములలో నొకదానిని గూర్చి మాటాడుమని కోరితిరి. గుడులను గూర్చియు, కోటలను గూర్చియు చెప్పగలవారు మనలో పెక్కుమంది గలరు. రాజు కట్టించిన కోటను, భక్తుడు కట్టించిన గోపురమును వర్ణించుటకు మన భాషలో మాటలకు కొదువ లేదు. అయితే పౌరులు తమ సొమ్ముతో తమకొరకు కట్టుకొనిన యిల్లొకటి ప్రతి పట్టణమునందును గలదు. దానివైపు మనము కన్నెత్తి చూడము. జనన మరణ పత్రములకో, ఇంటిపన్ను తగవునకో, కొళాయి రాలేదని చెప్పుకొనుటకో అక్కడికి పోయి, పని యైనను గాకున్నను, గుమ్మము దిగి మన దారిని మనము వత్తుము. ఆ యిల్లే పురమందిరము. అట్టివానిలో మిక్కిలి పేరుపొందినది మద్రాసునందలి రిప్పన్ భవనము. దాని చరిత్రయు, దాని నిర్మాణవిధమును చెప్పి, తుదకొక ప్రశ్నను మీ ముందుంచి సెలవు తీసికొందును.

సెంట్రల్ స్టేషనులో రైలు దిగి వెలుపలికి వచ్చిన తెలుగువానికి కన్నులబడు పెద్ద కట్టడములలో రెండు ఇరుగుపొరుగుననే యున్నవి. ఒకటి యెఱ్ఱనిది, ఒకటి తెల్లనిది. ఎఱ్ఱనిది విక్టోరియా పబ్లిక్ హాలు. పూర్వులు దీనినే టౌనుహాలనిరి. తెల్లనిది రిప్పన్ భవనము. నగరపాలక సంఘమునకు నెలవు. మొదటిది చందాలతో లేచినది. రెండవది నగరపు సొమ్ముతో లేచినది. మొదటిదానిలో జనులు కూడి మాటాడుకొనిరి. రెండవదానిలో జనుల ప్రతినిధులు కూర్చుండి తీర్మానములు చేసిరి. ఈ రెండును గలిసినగాని పురమందిరమను మాటకు నిండైన యర్థము రాదు. కావున రెంటి కథయు చెప్పెదను. అయితే ఈ కథ వానితో మొదలైనది కాదు. అంతకు రెండువందల యేండ్లకు ముందే మొదలైనది.

1639లో విజయనగర చక్రవర్తులకు సామంతులైన దామర్ల వేంకటాద్రి నాయకుడును, ఆతని సోదరుడు అయ్యప్ప నాయకుడును సముద్రపుటొడ్డున నొక యిసుకనేలను ఇంగ్లీషు కంపెనీ కొసగిరి. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణము వెలసినది. అర్ధశతాబ్దము గడచునప్పటికి ఆ యిసుకనేల పెద్ద పట్టణమైనది. కోటకు ఖర్చులు పెరిగినవి. పన్ను వేయబోయిన ప్రతిసారియు పట్టణవాసు లెదురు తిరిగిరి. అప్పుడు లండనులోని కంపెనీ పెద్దలకు, అందు ముఖ్యముగా సర్ జోసయా చైల్డునకు, ఒక యుపాయము తోచినది. పైవాడు వేసిన చిన్న పన్నునైనను ఇచ్చుటకు గొణిగెడు జనులు, తమవారు కూడి వేసిన పెద్ద పన్నునైనను ఇత్తురు గదా! కావున వారిచేతనే వారికి పన్ను వేయించుట మేలని తలంచిరి.

ఆ యాలోచన ఫలితముగా 1687 డిసెంబరు 30వ తేదీ శాసనముతో మద్రాసు నగరసంఘ మేర్పడి, 1688 సెప్టెంబరు 29న పని మొదలిడెను. మన దేశమునందలి నగరసంఘములలో ఇదియే మొదటిది. ఒక మేయరు, పన్నిద్దరు ఆల్డర్మెన్లు, అరువదిమంది బర్జెస్సులు. మేయరు నతానియేలు హిగ్గిన్సను. ఆల్డర్మెన్లలో ఇంగ్లీషువారేగాక పోర్చుగీసువారును, యూదులును, హిందువులునుగూడ నుండిరి. చిన్న వేంకటాద్రియను తెలుగు వర్తకుడు వారిలో నొకడు. పన్ను వేసి ఈ సంఘము చేయవలసిన పనులలో శాసనము ముఖ్యముగా చెప్పినవి మూడు: సభ జరుపుకొనుటకు పురమందిరము, కారాగారము, పిల్లలకొక బడి.

సోదరులారా, ఈ పుట్టుకను కొంచెము నిదానించి చూడుడు. జనుల మేలు కోరి పుట్టిన సంస్థ కాదిది. జనుల మూట విప్పించుటకు పుట్టినది. అయినను ఆ మూట విప్పించుటకు, జనుల సమ్మతి కావలెనని దొరలే యొప్పుకొనవలసివచ్చినది. పన్ను ఇచ్చువాడే పన్ను వేయువాడు కావలెననెడు న్యాయము, వారికి తెలియకయే, ఆ కాగితములో చేరినది. దాని భయము వారికి తరువాత తెలిసినది. 1726 నాటి క్రొత్త శాసనముతో ఆల్డర్మెన్ల సంఖ్య తొమ్మిదికి తగ్గినది. అందేడుగురు బ్రిటిషు ప్రజలే కావలెనని నియమ మేర్పడినది. వేంకటాద్రి కూర్చుండిన పీఠము మనవారికి దూరమైనది. దానికి మరల చేరువగుటకు మనవారికి నూటయేబదియేండ్లకు పైగా పట్టినది.

1882 మే 18వ తేదీని వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును ప్రకటించెను. స్థానికసంఘములలో అధికారులు కాని సభ్యులు ఎక్కువగా నుండవలెననియు, సాధ్యమైనచోట వారిని ఎన్నికచే చేర్చుకొనవలెననియు, పాలనము కొంత చెడినను ప్రజలు నేర్చుకొనుటయే ముఖ్యమనియు దాని సారాంశము. ఆ తీర్మానమును క్రింది యధికారులు నీరుగార్చినమాట నిజమే. అయినను మన పట్టణములలో ఓటను మాట వాడుకలోనికి వచ్చినది ఆ కాలముననే.

ఆ 1882లోనే మద్రాసు ప్రముఖులు సభ చేసి, నగరమునకొక టౌనుహాలు కావలెనని నిశ్చయించిరి. నగరసంఘము పీపుల్సు పార్కులో మూడెకరములకు పైగా స్థలమును దీర్ఘకాలపు కౌలుకిచ్చెను. 1883 డిసెంబరు 17న శంకుస్థాపన జరిగినది. ఆ రాతి నుంచినవారు విజయనగర మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. ధారాళముగా విరాళ మిచ్చినవారును వారే. తక్కిన సంస్థానాధీశులును, నగరములోని వర్తకులును, ఉద్యోగులును చందాలిచ్చిరి. రాబర్టు ఫెలోసు చిషోల్ము రూపకల్పన చేయగా, నంబెరుమాళ్ల చెట్టిగారు 1888 మొదలు 1890 వరకు కట్టిరి. విక్టోరియా రాణి ఏలుబడికి ఏబదియేండ్లు నిండినందున ఆ పేరు పెట్టిరి. చందాలు మనవి, పేరు రాణిది. ఆ కాలపు రివాజది.

చిషోల్ము ఇండో సారసెనిక్కనబడు రీతిలో నేర్పరి. ఎఱ్ఱని యిటుక, సున్నము, కాల్చినమట్టి యలంకారములు; ఇరుప్రక్కల కమానుల వసారాలు; ఒక మూల చతురస్రపు బురుజు, దానిపై కేరళదేశపు గుడులను తలపించు కప్పు. క్రింద నొక పెద్ద సభాశాల, మేడమీద నొకటి. వెనుకవారికొరకు కొయ్యతో కట్టిన గ్యాలరీ. గొట్టముల గొంతులు పుట్టని కాలమున, వేదికపై నిలిచి మాటాడువాని మాట కడపటి వరుసవరకు వినబడవలెనని కట్టిన సభాశాలలవి.

ఆ వేదికపై నేమి జరిగినదో చూడుడు. బళ్లారినుండి ధర్మవరము కృష్ణమాచార్యులుగారు తమ సరసవినోదినీ సభతో 1891లో మద్రాసు వచ్చి తెలుగు నాటకములాడిరి. వానిని చూచిన పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఉత్సాహము పొంది, ఆ యేటనే సుగుణవిలాస సభను స్థాపించిరి. ఆ సభ చిరకాల మీ హాలులోనే మెలగెను. చదువుకొనిన పెద్దమనుష్యులు వేషము కట్టుట మర్యాద కాదనుకొనుచుండిన దినములలో, తమిళ నాటకరంగము క్రొత్త దారి త్రొక్కుటకు తెలుగు నాటకము ప్రేరణ యైనది. 1897 ఫిబ్రవరిలో, పడమటి దేశములనుండి తిరిగి వచ్చిన వివేకానందస్వామి దేశమునకు తాను తలపెట్టిన కార్యక్రమమును ఈ హాలులోనే యుపన్యసించిరి. రాణి పేరు పెట్టిన యింటిలో దేశము పేరు మారుమ్రోగినది. ఇల్లు కట్టువాడు గోడలు కట్టగలడు గాని, లోపల పలుకబోవు పలుకును కట్టజాలడు.

ఇక తెల్లని భవనము. నగరసంఘము అంతకుముందు జార్జిటౌనులోని ఎఱ్ఱబాలు చెట్టి వీథిలో నుండెను. నగరము పెరిగినది, నీరు, దీపము, మురుగుకాలువ, వైద్యము, బడి, అన్నియు సంఘముమీద పడినవి, ఇల్లు చాలలేదు. 1909 డిసెంబరు 12న మింటో ప్రభువు పీపుల్సు పార్కులోనే క్రొత్త భవనమునకు శంకుస్థాపన చేసెను. జి. ఎస్. టి. హ్యారిసు రూపకల్పన, లోకనాథ మొదలియారు కంట్రాక్టు, నాలుగేండ్ల పని, మొత్తము ఖర్చు ఏడున్నర లక్షల రూపాయలు, అందైదున్నర లక్షలు కంట్రాక్టరునకు చెల్లినవి. 1913 నవంబరు 26న వైస్రాయి హార్డింజి ప్రభువు తెరచెను. అప్పటికి నాలుగేండ్లక్రితమే రిప్పన్ గతించెను. తమకు మేలు తలపెట్టిన వైస్రాయియని మద్రాసువా రాతని పేరే ఇంటికి పెట్టుకొనిరి.

కొంతకాలము క్రితమువరకు మద్రాసున గొప్ప కట్టడమనగా ఎఱ్ఱనిదే. 1892 నాటి హైకోర్టును, చిషోల్ము హాలును చూచిన కన్నులకు హ్యారిసు తెల్లని గ్రీకు రోమను రీతిని చూపెను. వెడల్పుకంటె ఎంతో పొడవైన భవనము, మూడంతస్తులు, వరుసలు తీరిన స్తంభములు, కమానులు, నడుమ పొడవైన గడియారపు గోపురము. ఎఱ్ఱ కట్టడమున కన్ను బురుజునుండి గుమ్మటమునకు, గుమ్మటమునుండి కిటికీకి తిరుగాడును. ఇచ్చట కన్ను తిన్నగా నడిమి గోపురముమీదికి పోవును. ఇది యాఫీసు, ఇచ్చట క్రమము, లెక్క, కాలనియమము గలవని కట్టడమే చెప్పుచున్నట్లుండును.

పైరూపు పరదేశపుదైనను శరీరము మన దేశపుదే. ఇటుక గోడలు సున్నపు సున్నితపుపూతతో తెల్లనైనవి. కప్పుకు టేకుదూలములు ఆధారము. నేలయందలి మొదటి పరపు మన కడపరాయి. తరువాత దానిని తీసి చలువరాయి వేసిరి. దళసరి గోడలు పగటియెండను లోనికి చొరనీయవు; ఎత్తయిన కప్పుక్రింద వేడిగాలి పైకి పోవును; నడవలు గదులకు గొడుగువలె నిలుచును. సున్నపుగోడ తేమను పీల్చి మరల విడుచును. ఇటీవలి జీర్ణోద్ధరణమున పనివారు సిమెంటునుగాక మరల సున్నమునే యాశ్రయించుటకు కారణ మిదియే. పాత గోడకు సిమెంటు పూయుట ఊపిరాడని చొక్కా తొడుగుటవంటిది. లోని తేమకు దారిలేక గోడ లోలోపల చెడును.

గోపురమునందలి గడియారమును 1913లో ఓక్సు కంపెనీవా రమర్చిరి. దాని ముఖము ఎనిమిదడుగుల వెడల్పు. గిల్లెట్టు జాన్‌స్టను వారు పోతపోసిన నాలుగు గంటలు పావుగంట కొకమారు మ్రోగుటకు పెట్టబడినవి. చేతిగడియారములు కొలదిమందికే యున్న దినములలో, నగరసంఘము కూలివానికిని కోటీశ్వరునికిని సమానముగా పంచిపెట్టిన మొదటి సొత్తు కాలమేమో!

గోడల మాట చాలును. లోపలి మాట చెప్పెదను. 1919 నాటి నగర శాసనముతో సభకు తన యధ్యక్షుని తానే యెన్నుకొను హక్కు వచ్చినది. ఆ హక్కున మొదట నెన్నికైనవారు పిట్టి త్యాగరాయ శెట్టిగారు. 1852లో తెలుగు దేవాంగుల యింట పుట్టినవారు. వారు జస్టిసుపక్ష నాయకులు. వారి రాజకీయములతో జాతీయవాదులకు పెద్ద పోరాటమే నడచెను. ఆ పోరాట మటుండనిండు. 1920 సెప్టెంబరు 16న ఆ సభలో నొక తీర్మానము వచ్చినది. థౌజండ్ లైట్సు ప్రాంతపు కార్పొరేషను బడిలో పిల్లలు బీదవారు. ఆకలిచే బడికి రాకున్నారు. తలకు దినమునకు అణాకు మించని ఖర్చుతో వారికి ఫలహారము పెట్టవలెను. సభ సమ్మతించెను. బడి నిండెను, తక్కిన బడులకును పథకము ప్రాకెను. విద్యకొరకైన నిధినుండి తిండికి ఖర్చు పెట్టరాదని 1925లో ప్రభుత్వ మాక్షేపించుటచే అది యాగిపోయెను. అయితే విత్తనము చావలేదు. నేడు దేశమంతట కోట్లకొలది పిల్లలు బడిలో తిను మధ్యాహ్నపు ముద్దకు మూలపురుషులను వెదకువారు, ఈ తెల్లని యింటిలోని అణా తీర్మానమును తలపక తప్పదు.

1687 నాటి శాసనము పన్ను వేసి బడి కట్టుమన్నది. రెండువందల ముప్పదిరెండేండ్ల తరువాత, ఆ సంఘమునకు వారసులైనవారు బడిలోని పిల్లవాని కడుపుగూడ తమ లెక్కలోనిదే యనిరి. ఈ రెంటికి నడుమ జరిగిన మార్పునే స్వపరిపాలన మందురు.

1933లో అధ్యక్షపదవికి మేయరను పాత పేరు మరల వచ్చినది. 1939లో సత్యమూర్తిగారు మేయరైరి. నగరము దాహముతో నుండెను. పూండివద్ద కొసస్థలై యేటికి అడ్డుకట్ట వేసి జలాశయము కట్టవలెనని వారు పట్టుబట్టిరి. యుద్ధకాలము, సొమ్మునకు, సామానునకు కటకట. అయినను 1940లో శంకుస్థాపన జరిగినది. పని 1944లో ముగిసినది. చూచుటకు వారు లేరు, 1943లోనే గతించిరి. ఆ జలాశయమునకు వారి పేరే పెట్టిరి. తెలుగుగంగ కాలువద్వారా 1996నుండి కృష్ణానీరు చేరుచున్నది ఆ సత్యమూర్తి సాగరమునకే. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు మద్రాసు మనకు రాలేదని మనవారు కంట తడి పెట్టిరి. నగరము రాలేదు, కాని మన నీ రా నగరమునకు పోవుచున్నది. దాహమునకు సరిహద్దు లేదు.

ఇంతవరకు విని, ఈ యింటి కథ మంచి కథయని మీరు సంతోషింతురు. ఇక మిగిలినది వినుడు. కూలీల హాజరుపట్టీలలో దొంగపేర్లు చేర్చి సొమ్ము తినిరను నింద వచ్చి, 1973లో రాష్ట్రప్రభుత్వము మద్రాసు నగరసభను రద్దుచేసెను. తప్పు చేసినవారిని శిక్షింపవలసినదే. అయితే మరల ఎన్నిక జరిగినది 1996లో! ఇరువదిమూడేండ్లు! ఆ నడుమ పుట్టిన బిడ్డ పెరిగి, చదివి, పెండ్లాడి, బిడ్డను కనినను, తన వీథికొక సభ్యు డుండునని యెరుగడు. భవనము చెక్కుచెదరలేదు. గోపురము నిలిచియుండెను. ఆఫీసులో ఫైళ్లు కదలెను, పన్ను వసూలయ్యెను. సభాశాలలో పీఠములుమాత్రము ఖాళీ.

ప్రత్యేకాధికారులు పని చేయలేదని నే ననను. వారిలో దక్షులును, నిజాయితీపరులును ఉండిరి. కాని వారు జవాబు చెప్పవలసినది పైవారికి. వీథిలోని వానికి కాదు. సభ్యుడు లంచగొండి యైనచో వచ్చు ఎన్నికలో తీసివేయవచ్చును. సభనే తీసివేసినచో దానిని తిరిగి తెచ్చుట పౌరుని చేతిలో లేదు. కొందరి దొంగతనమునకు శిక్ష నగరమంతటికి పడినది.

ఇట్టి స్థితి మరల రాగూడదనియే 1992లో రాజ్యాంగమునకు డెబ్బదినాలుగవ సవరణ చేసిరి. అది 1993లో నమలులోనికి వచ్చినది. పురపాలక సభకు అయిదేండ్లు గడువు. గడువు తీరకముందే ఎన్నిక. మధ్యలో రద్దైనచో ఆరునెలలలో ఎన్నిక. ఇంతకంటె విస్పష్టముగా వ్రాయుట యెట్లు? అయినను 2016లో గడువు తీరిన చెన్నై సభకు, వ్యాజ్యములును, వార్డుల విభజన తగవులును అడ్డుపడి, 2022 ఫిబ్రవరివరకు ఎన్నిక లేదు. ఆ మార్చిలో ఆర్. ప్రియగారు మేయరై, ఆ నగరమున నా పీఠ మెక్కిన మొదటి దళిత మహిళ యైరి. సంతోషింపదగిన మాటయే. కాని రెండువందల వార్డుల మహానగర మయిదేండ్లకు పైగా సభ లేక గడిపినమాటయు మరువరాదు.

ఇది మద్రాసు రోగముమాత్రమేయని మనము నవ్వుకొనరాదు. మన విశాఖపట్టణమున 2007లో ఎన్నికైన సభ గడువు 2012లో తీరగా, తరువాతి ఎన్నిక 2021లో జరిగినది. టౌనుహాలు శంకుస్థాపనకు విజయనగర ప్రభువులు మద్రాసు పోయి రాతి నుంచిరని మురియుదుము; వారి సీమకు పొరుగుననున్న మహానగరమున తొమ్మిదేండ్లు సభ లేదన్నమాట మనలో నెందరిని నిద్రలేపినది?

కావున నా ప్రశ్న యిది: పురమందిర మెవరిది? సున్నము రాలినచో పత్రికలకు వ్రాయుదుము. గడియారము నిలిచినచో మనవి పంపుదుము. ప్రాచీన కట్టడమును కాపాడుడని సంఘములు పెట్టుకొందుము. మంచిదే, చేయవలసినదే. కాని లోపలి సభ నిలిచిపోయినచో గడియారము నిలిచినంత కలవరమైనను మనకు కలుగుచున్నదా? కట్టడము దేహము, సభ ప్రాణము. ప్రాణము లేని దేహమునకు ఎంత వెల్లవేసినను ఏమి లాభము?

ఈ గ్రంథాలయమున దినమును పత్రికలు చదువు మీరు మూడు పనులు చేయుడని వేడెదను. మీ పురపాలక సభ గడువెప్పుడు తీరునో తెలిసికొని ఆ తేదీని ఈ గోడపై పెద్ద యక్షరములతో వ్రాసిపెట్టుడు. సభ జరుగు దినమున ఇద్దరు ముగ్గురైనను పోయి ప్రేక్షకుల చోట కూర్చుండుడు. చూచువా రున్నచోట మాటాడువాని మాట సరియగును. ఏటేట బడ్జెటు ప్రతి తెప్పించి, మీ వీథి వంతెంతో, మీ బడి వంతెంతో లెక్క చూచుకొనుడు. ఇందులకు రాజులు వలదు, వైస్రాయిలు వలదు, చిషోల్ములు వలదు. ఓపికగల పదిమంది పౌరులు చాలుదురు.

పన్ను రాబట్టుటకు దొరలు పన్నిన యుపాయమును మన పెద్దలు పోరాడి హక్కుగా మార్చిరి. ఆ హక్కును వాడక మనము మరల నుత్త పన్నుగా మార్చుకొనకుందుముగాక!